చూసిందే గీయండి

ఇంటర్ రోజుల్లో నా బోటనీ రికార్డులో కణ విభజన చలన దశ బొమ్మ చాలా అందంగా ఉండేది. అటు పదహారు, ఇటు పదహారు క్రోమోసోములు, స్కేలు పెట్టి గీసినట్టున్న కండె తంతువులు, కింద గుండ్రంగా దిద్దిన అక్షరాలు. మా మేడమ్ రికార్డు తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు. "ఈ కణం నీ స్లైడులో ఎక్కడుందో చూపించమ్మా" అన్నారు. మైక్రోస్కోపు ముందు పావుగంట కూర్చున్నాను. చూపించలేకపోయాను. ఆ కణాన్ని నేనెన్నడూ చూడలేదు. సీనియర్ అక్క రికార్డులోంచి దించాను. ఆవిడ ఇంకెవరి రికార్డులోంచో దించి ఉంటుంది. మేడమ్ తిట్టలేదు. పేజీకి అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన రెండు మాటలు రాసిచ్చారు: "చూసిందే గీయి."

ఈ అధ్యాయం మొత్తం ఆ రెండు మాటల మీదే నిలబడి ఉంది. ఏకాగ్రత గురించి గత అధ్యాయాల్లో చాలా చెప్పుకున్నాం. ఫోను పక్కన పెట్టడం, ఒక గంటకు ఒకే పని పెట్టుకోవడం, ఇలాంటివి. కానీ చెబితే వచ్చే విద్య కాదది. చేతికీ కంటికీ పని పెడితేనే వస్తుంది. అందుకని ఈసారి ఒక్క పని ఇస్తున్నాను. ఒక ఉల్లిగడ్డ, ఒక గాజు గ్లాసు, ఐదు రోజుల ఓపిక, ఆఖర్న ఏదైనా కాలేజీ ల్యాబ్‌లో రెండు పూటలు. ఉల్లి వేరు కొనలో కణం రెండుగా విడిపోయే దశల్ని మీ కళ్లతో మీరు చూడాలి. ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఎలాగూ సిలబస్‌లో ఉంటుంది. చదువు ఎప్పుడో ముగించినవాళ్లు కూడా చేయాలని నా కోరిక. మీ పిల్లల కాలేజీకి వెళ్లి బోటనీ లెక్చరర్‌ని అడగండి. పాతికేళ్లుగా సికింద్రాబాద్‌లో ఈ ప్రాక్టికల్ చేయిస్తున్నాను. ఇష్టంగా చూస్తానని వచ్చిన పెద్దవాళ్లను వెనక్కి పంపిన లెక్చరర్ నాకు తెలిసి లేరు.

ఈ ఊరివాళ్లం కాబట్టి మైక్రోస్కోపు ముందు ఓపికగా కూర్చోవడం మనకు కాస్త ఎక్కువ తెలిసి ఉండాలని కూడా అనుకుంటాను. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర, చెట్ల మధ్య ఒక పాత భవనం ఉంది. ఇప్పుడది ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి సర్ రొనాల్డ్ రాస్ పరాన్నజీవుల అధ్యయన సంస్థ. 1897 ఆగస్టులో అక్కడ రాస్ మలేరియా జాడ కోసం దోమల్ని కోసి చూస్తూ కూర్చున్నాడు. అంతకు ముందు రెండేళ్లుగా ఎన్నో దోమల్ని కోశాడు, ఏమీ దొరకలేదు. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా వేయించుకోలేదు. నుదుటి చెమట, చేతుల చెమట తగిలి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒక్క కంటి కటకమూ పగిలింది. ఆగస్టు 20న, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని నాలుగు రోజుల క్రితం కుట్టిన మచ్చల రెక్కల దోమను కోస్తే, దాని జీర్ణాశయం గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులున్నాయి. మలేరియా రోగి నెత్తుట్లో కనిపించే రేణువులు అవే.

నన్ను పట్టి ఉంచేది ఆ మర్నాడు జరిగినది. ఆగస్టు 21న ఇంకొక దోమను కోశాడు. ఆ కణాలు దానిలోనూ ఉన్నాయి, నిన్నటికన్నా పెద్దవిగా ఉన్నాయి. అంటే పెరుగుతున్నాయి, అంటే ప్రాణమున్నవి. రాస్ ఒకే కణం పెరగడాన్ని చూడలేదు. రెండు చనిపోయిన దోమల్లో రెండు వేర్వేరు రోజుల నిశ్చల దృశ్యాలు చూసి, మధ్యలో నడిచిన కాలాన్ని తన బుద్ధితో పూరించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉల్లి వేరు దగ్గర మీరు చేయబోయేదీ ఇలాంటి పనే. స్లైడు మీద ఉన్న కణాలన్నీ చనిపోయినవే. ఏదీ కదలదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీరు పేర్చుకోవాలి.

ఇక ఉల్లిగడ్డ సంగతి. మోండా మార్కెట్‌లో పెద్దవి, నిగనిగలాడేవి ఏరుకోకండి. చిన్నవి, కాస్త పాతబడినవి, పై పొట్టు బాగా ఎండినవి నాలుగైదు తీసుకోండి. నాలుగైదు ఎందుకంటే వాటిలో ఒకటో రెండో వేళ్లు వేయకుండా మొండికేస్తాయి. అడుగున ఎండిపోయిన పాత వేళ్ల కుచ్చు ఉంటుంది. దాన్ని బ్లేడుతో పైపైన గీకి తీసేయండి. ఆ కింద ఉన్న గట్టి బిళ్లను మాత్రం గాయపరచొద్దు, కొత్త వేళ్లు పుట్టుకొచ్చేది దాని అంచుల్లోంచే. కుళాయి నీళ్లను ఒక రాత్రి గిన్నెలో నిలవ ఉంచి గ్లాసులో పోయండి. ఉల్లి అడుగు నీటిని తాకీ తాకనట్టుండాలి, మునగకూడదు. రోజూ నీళ్లు మార్చండి. మా ఊరి మే నెల వేడికి ఈ పని పెట్టుకోవద్దు. నీళ్లు వెచ్చబడి వేళ్లు జారుడుగా కుళ్లిపోతాయి. బోనాలు అయిపోయి వానలు నిలదొక్కుకున్నప్పటి నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం.

ఎల్లిగడ్డ రెబ్బతోనూ చేయొచ్చు. ఉల్లిగడ్డకు, ఎల్లిగడ్డకు కణానికి పదహారు క్రోమోసోములే. సంఖ్య తక్కువ, పొడవు ఎక్కువ. ఉల్లిని ప్రపంచమంతా ఈ పనికి ఎంచుకోవడానికి కారణం అదే. మనిషికి నలభై ఆరు, అదీ చిన్నవి. కొత్తవాళ్ల కంటికి చిక్కవు.

మూడో రోజుకో నాలుగో రోజుకో తెల్లటి వేళ్లు దిగుతాయి. రెండు సెంటీమీటర్లు దాటాక ఒక ఉదయం కోయాలి. మేం ల్యాబ్‌లో ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య కోస్తాం. ఆ వేళకు విడిపోతున్న కణాలు ఎక్కువ దొరుకుతాయని మా అనుభవం. కోసిన వేరు కొనను అప్పటికప్పుడు ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రవంలో వేయాలి. కణం ఏ దశలో ఉందో ఆ దశలోనే ఆగిపోతుంది. ఒక రోజు అందులో ఉంచి, వెంటనే వాడనిదైతే డెబ్బై శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. వేరు కోసిన దగ్గర్నుంచీ ఆమ్లాలతోనే పని. ఇంట్లో చేయకండి, లెక్చరర్ పక్కనుండగా ల్యాబ్‌లోనే చేయండి.

అరవై డిగ్రీల వేడిలో, ఒక నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేరు కొనను ఐదు నుంచి పది నిమిషాలు ఉంచితే, కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచిన జిగురు వదులవుతుంది. కడిగి, ఎసిటోకార్మిన్‌లో వేయాలి. ఆ ఎర్ర రంగు నాగజెముడు మీద బతికే ఒక చిన్న పురుగు నుంచి తీసింది. ఎసిటిక్ ఆమ్లంలో మరగబెట్టి వాడతారు. ఇనుప సూదితో వేరును కెలుకుతుంటే రంగు ముదురుతుంది, ఇనుము కొంచెం కలవడం వల్ల. అందుకే మా ల్యాబ్‌లో స్టీలు సూదుల పక్కన పాత ఇనుప సూదులు రెండు దాచి పెడతాను.

ఇప్పుడు వేరుకు రెండు చివరలుంటాయి. ఏది కొనో, ఏది కోసిన వైపో తెలియక పిల్లలు తికమకపడేది ఇక్కడే. జాగ్రత్తగా చూస్తే ఒక చివర చిక్కటి ఎరుపులో ఉంటుంది. అక్కడ కణాలు చిన్నవి, కిక్కిరిసి ఉంటాయి, ప్రతిదానిలోనూ పెద్ద కేంద్రకం ఉంటుంది, రంగు పట్టేది దానికే. విభాజ్య కణజాలం అదే. దానికి ముందు, మట్టిని తోసుకుంటూ పోవడానికి టోపీలాంటి వేరు తొడుగు ఉంటుంది. వెనక, పొడుగు సాగుతున్న కణాలుంటాయి. వాటిలో విభజన దాదాపు ఆగిపోయి ఉంటుంది. చిక్కటి ఎరుపున్న ఒకటి, రెండు మిల్లీమీటర్లు మాత్రం ఉంచి మిగతాది బ్లేడుతో కోసి పారేయండి. పారేయడానికి చేతులు రావు చాలామందికి. అంత వేరు పెంచాం కదా అనిపిస్తుంది. పారేయండి. మిగతా వేరు స్లైడు మీద ఉంటే మీకు కావలసిన కణాలు దానిలో తప్పిపోతాయి.

కవర్ స్లిప్ వేసి, పైన ఫిల్టర్ కాగితం మడత పెట్టి, బొటనవేలితో నిట్టనిలువుగా నొక్కాలి. వేలు పక్కకు జరిగిందా, కణాలు చుట్టుకుపోయి చాపలా తయారవుతాయి. అప్పుడు మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. స్పిరిట్ దీపం మీదుగా ఒకటి రెండుసార్లు స్లైడును పోనిస్తే రంగు ఇంకా బాగా పడుతుంది. చేతి వెనుకభాగానికి ఆనించి ఓర్చుకోగలిగినంత వేడి చాలు.

మొదట పది రెట్ల కటకంతో చూడండి. నేరుగా నలభై రెట్లకు పోకండి. కనిపించే మొదటి అద్భుతం చాలాసార్లు గాలి బుడగే ఉంటుంది, గుండ్రంగా, చుట్టూ మందపాటి నల్ల అంచుతో. బుడగ కనిపిస్తే నిరాశ పడొద్దు. స్లైడును మెల్లగా జరపండి. గులాబీ రంగు గళ్లగళ్లుగా కణాల వరుస వస్తుంది. ప్రతి గదిలోనూ ఒక గుండ్రటి, నున్నటి కేంద్రకం. ఇక్కడే పిల్లలు తల ఎత్తి అంటారు, "ఏం కనిపిస్తలేదు మేడమ్, అన్నీ ఒక్కలాగే ఉన్నయ్" అని. పుస్తకంలో నాలుగు దశలు నాలుగు గళ్లలో పక్కపక్కన ఉంటాయి. స్లైడులో అలా ఉండవు. విడిపోతున్న కణం ఒకటి దొరికే లోపు పదో, ఇరవయ్యో మామూలు కణాలు దాటాలి.

ఎందుకలా? సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒకటో ప్లాట్‌ఫారం మొత్తం పడేలా పైనుంచి ఒక్క ఫొటో తీశారనుకోండి. బెంచీల మీద, సామాన్ల మీద కూర్చున్నవాళ్లు వందలమంది ఉంటారు. పెట్టె ఎత్తుకుని పరుగెత్తేవాళ్లు కొద్దిమంది. మెట్టు మీద ఒక కాలు, ప్లాట్‌ఫారం మీద ఒక కాలు ఉన్నవాళ్లు ఒకరో ఇద్దరో. ప్రతి ప్రయాణికుడూ ఆ మెట్టు ఎక్కాల్సిందే, కానీ ఆ పని క్షణంలో అయిపోతుంది. కూర్చోవడం గంటల పని. ఏ పనికి ఎక్కువ సమయం పడుతుందో ఫొటోలో ఆ పని చేస్తున్నవాళ్లే ఎక్కువమంది ఉంటారు. స్లైడు కూడా ఒక ఫొటోనే. రెండు వందల కణాలు లెక్కపెట్టారు, ఇరవై విడిపోతున్నాయి అనుకుందాం. వాటిలో ప్రథమ దశవి పద్నాలుగు, మధ్యస్థ దశవి మూడు, చలన దశది ఒకటి, అంత్య దశవి రెండు. ఉల్లి వేరులో కణం ఒక చక్రం పూర్తి చేయడానికి, వేడిని బట్టి మారినా, సుమారు పదిహేడు గంటలు పడుతుందని తీసుకుంటే, అంటే వెయ్యి నిమిషాల పైన, రెండు వందలలో ఒక్క కణంగా కనిపించిన చలన దశకు ఐదు నిమిషాలు పట్టిందన్నమాట. గడియారం లేకుండా, కదలని కణాల్లోంచి మీరు కాలాన్ని లెక్కగట్టారు. ఈ లెక్క తేలిన రోజు పిల్లల ముఖాలు చూడటం నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ఇష్టం.

ఇక దశల సంగతి. కేంద్రకం లోపల నున్నగా కాకుండా దారపు ఉండ విప్పినట్టు కనిపిస్తే ప్రథమ దశ. క్రోమోసోములు కణం నడుమ ఒక వరుసకు చేరితే మధ్యస్థ దశ. రెండు గుంపులుగా చెరో వైపు పోతూ, లాక్కుపోతున్న తాడు చివర్లలా వాటి చేతులు వెనక వేలాడుతుంటే చలన దశ. రెండు చివర్లలో రెండు చిన్న కేంద్రకాలు, నడుమ సన్నటి గీత మొదలవుతుంటే అంత్య దశ. ఆ గీత దగ్గర కాస్త ఆగండి. జంతు కణమైతే బయటి నుంచి లోపలికి నొక్కుకుపోయి రెండవుతుంది. మొక్క కణానికి చుట్టూ గట్టి గోడ ఉంది, నొక్కుకుపోలేదు. అందుకని నడిమధ్యలో కణఫలకం పుట్టి అంచులవైపు పెరుగుతూ వెళ్లి పాత గోడను కలుసుకుంటుంది. మన ఇళ్లలో గది మధ్యన కొత్త గోడ కట్టాలంటే పక్క గోడ నుంచి మొదలుపెడతాం. మొక్క నడుమ నుంచి మొదలుపెడుతుంది.

ఈ దశల పేర్లు ఎక్కడివో కూడా తెలుసుకోవాలి. జర్మనీలో వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండర్ పిల్లల కణాలకు రంగు వేసి, ఒక్కో భంగిమను గీసి, వరుసలో పేర్చి, ఆ వరుస నిజమేనా అని బతికున్న కణాల్లో సరిచూసుకుని 1882లో పుస్తకం వేశాడు. మొక్కల కణాల మీద పనిచేసిన ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్ 1884లో మొదటి మూడు దశలకు పేర్లు పెట్టాడు. వాళ్ల ముందు పాఠ్యపుస్తకం లేదు. దించడానికి సీనియర్ల రికార్డు లేదు. కనిపించింది గీశారు, గీశాక పేరు పెట్టారు.

ఆ వరుసను మనం తలకిందులు చేస్తాం, ముందు పేరు, తర్వాత చూపు. రెండేళ్ల క్రితం మా ల్యాబ్‌లో ఒక అమ్మాయి రికార్డులో విచిత్రమైన బొమ్మ గీసింది. కణం నడుమ పువ్వులా, చుట్టూ రేకుల్లా క్రోమోసోములు. కింద "పేరు తెలియదు" అని రాసింది. పక్కనున్న పిల్లలు అది తప్పు అన్నారు, పుస్తకంలో అలాంటి బొమ్మ లేదు కాబట్టి. నేను ఆమె స్లైడు దగ్గరకు వెళ్లి చూశాను. అది మధ్యస్థ దశే. పుస్తకంలో దాన్ని ఎప్పుడూ పక్క నుంచి గీస్తారు, అప్పుడు అడ్డంగా ఒక వరుసలా ఉంటుంది. ఆమెకు దొరికిన కణం పై నుంచి కనిపించింది. పళ్లేన్ని పక్క నుంచి చూస్తే గీత, పై నుంచి చూస్తే గుండ్రం. ఆ ఒక్క కణంలో క్రోమోసోములు విడివిడిగా పరుచుకుని ఉండటంతో పదహారు లెక్కపెట్టగలిగాం కూడా. ఆ ఏడాది ల్యాబ్‌లో పదహారూ లెక్కపెట్టింది ఆమె ఒక్కతే. "పేరు తెలియదు" అని రాయడానికి ఆ వయసులో ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. నాకు ఆ ధైర్యం లేకపోయింది.

మామూలు కణాలని మనం దాటుకుంటూ వచ్చినవాటికి కూడా న్యాయం చేయాలి. ఆ అంతర దశను చాలాకాలం విశ్రాంతి దశ అని పిలిచారు. మైక్రోస్కోపులో ఏ మార్పూ కనిపించదు కాబట్టి కణం ఊరికే ఉందనుకున్నారు. 1953లో లండన్‌లో ఆల్మా హోవార్డ్, స్టీఫెన్ పెల్క్ ఒక చిక్కుడు జాతి మొక్క వేళ్లకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ అందించి, అది ఏ కణాల్లో ఎప్పుడు చేరుతోందో చూశారు. కణం తన డీఎన్ఏను రెట్టింపు చేసుకునేది ఆ విశ్రాంతిలోనేనని తేలింది. దానికి ముందొక విరామం, వెనకొక విరామం. పుస్తకాల్లో జీ1, ఎస్, జీ2 అని చదివేది అదే. విభజన మొదలయ్యే సరికి అసలు పని అయిపోయి ఉంటుంది. పరీక్షల ముందు రోజు వచ్చి "ఈ ఏడాదంతా ఏమీ చేయలేదు మేడమ్, ఊరికే క్లాసులో కూర్చున్నా" అని ఏడ్చే పిల్లలకు ఈ ప్రయోగం సంగతి చెబుతాను. క్లాసులో కూర్చుని నిజంగా విన్నవాళ్లకే చెబుతాను. విననివాళ్లకు చెబితే అది అబద్ధం అవుతుంది.

రికార్డు రాసేటప్పుడు పాటించమని నేను పట్టుబట్టేవి కొన్నే. ఫోనుతో ఫొటో తీయడం గీశాకే, ముందు కాదు. ఫొటో తీస్తే కన్ను పని మానేస్తుంది. గీసేటప్పుడు ఈ క్రోమోసోము చేయి ఎక్కడ మలుపు తిరిగింది, ఈ అంచు స్పష్టంగా ఉందా మసకగా ఉందా అని కన్ను ప్రతిదానికీ జవాబు చెప్పాలి. ఒక బొమ్మకు కనీసం పది నిమిషాలు. షేడింగు వద్దు, చుక్కలు చాలు. ఏ దశో నిర్ణయించలేకపోతే రెండు పేర్లూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. తేదీ, వేరు కోసిన వేళ, ఎన్ని కణాలు చూశారన్నది ప్రతి పేజీ మీద ఉండాలి. బాగా కుదరని స్లైడు బొమ్మ కూడా ఉంచండి, చింపకండి.

ఈ పని ఒకసారి చేతికి వచ్చాక ఇంకో మెట్టు ఎక్కవచ్చు. కలుషిత నీళ్లు కణాలకు ఏం చేస్తాయో తెలుసుకోవడానికి ఉల్లి వేళ్లనే ప్రపంచమంతా వాడతారు. స్వీడన్‌లో ఆల్బర్ట్ లేవాన్ 1938లోనే కాల్చిసిన్ అనే మందు ఉల్లి వేరు కణాల్ని ఎలా అడ్డుకుంటుందో చూపించాడు. 1985లో గైరిడ్ ఫిస్కెషో ఉల్లి వేళ్ల వాడకాన్ని నీటి పరీక్షగా ఒక పద్ధతిలో పెట్టింది. ఒక గ్లాసులో మంచినీళ్లు, ఒక గ్లాసులో హుస్సేన్ సాగర్ నీళ్లు, చేతులకు గ్లవ్స్ వేసుకుని పోయండి. రెండు ఉల్లిగడ్డలూ ఒకే సైజువి కావాలి. ఏది ఎంత వేరు వేసింది, విడిపోతున్న కణాలు దేనిలో ఎన్ని, చలన దశలో వెనకబడిపోయిన క్రోమోసోములేవైనా కనిపించాయా అన్నది రాసుకోండి. ఏం వస్తుందో ముందే ఊహించుకుని కూర్చోవద్దు. వచ్చింది రాయండి.

ఈ రాత్రి వంటింట్లోంచి ఒక ఉల్లిగడ్డ తీసి గ్లాసు మీద పెట్టండి. వేళ్లు దిగాక ఒక ఉదయం కోసి, మర్నాడు స్లైడు చూడటానికి వెళ్లేటప్పుడు పాఠ్యపుస్తకం ఇంట్లోనే ఉంచి, చెక్కిన పెన్సిలు, రబ్బరు, నాలుగు తెల్లకాగితాలు మాత్రం తీసుకెళ్లండి.